చేసిన పనిలో కొంత వెనక్కి: ఉపసంహరణ, ప్రాయశ్చిత్తం

జరిగిపోయిన పనిని జరగనిదిగా చేయడం సాధ్యమా అన్న ప్రశ్న తార్కికులనూ ధర్మశాస్త్రకారులనూ శతాబ్దాల పాటు వెంటాడింది. ఆ పనిలో చెడిన భాగాన్ని మాత్రమే తీసివేసి మంచి భాగాన్ని ఉన్నచోట ఉన్నట్లే నిలుపుకోవచ్చునా అన్నది అంతకంటె సూక్ష్మమైన ప్రశ్న. ప్రోగ్రాములు రాసేవారికి ఈ రెండో ప్రశ్న దాదాపు ప్రతిరోజూ ఎదురవుతుంది. కోడులో తాము చేసిన మార్పులన్నిటినీ కాక, ఎంచుకున్న కొన్ని లైన్లను మాత్రమే పూర్వస్థితికి తేవలసి వచ్చినప్పుడు వారు చేసేది సరిగ్గా ఇదే. సంకల్పం, కర్మ, ఫలం, పరిహారం అనే నాలుగూ మనుషుల జీవితంలో ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి గాని, ఈ పనిలో అవి విడివిడిగా కంటికి కనబడతాయి కనుక పాత విచారాన్ని ఇక్కడ మళ్ళీ పరీక్షించి చూడడం సార్థకం.

ఒక రచనలో కాలక్రమాన జరిగిన మార్పులను ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారన్న వివరంతో సహా భద్రపరచే పద్ధతిని వెర్షన్ కంట్రోల్ అంటారు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ పని కోసం రూపొందించిన గిట్ ఈ పద్ధతులలో నేడు అత్యంత ప్రచారంలో ఉన్నది. అందులో భద్రపరచిన ఒక్కొక్క దశ పేరు కమిట్. దాని గుర్తింపు సంఖ్యను అప్పటి ఫైళ్ళ స్వరూపం, దానికి ముందున్న కమిట్, చేసినవారి పేరు, చేసిన సమయం, అన్నీ కలిపి లెక్కగడతారు కనుక, గతంలోని ఏ ఒక్క కమిట్‌ను మార్చినా దాని తరువాతి వాటన్నిటి గుర్తింపూ మారిపోతుంది. అందువల్ల నలుగురూ పంచుకున్న చరిత్రలో ఒక తప్పును సరిదిద్దవలసి వస్తే, పాత కమిట్‌ను చెరిపివేయరు. దానికి సరిగ్గా వ్యతిరేకమైన మార్పుతో కొత్త కమిట్‌ను చేరుస్తారు. రివర్ట్ అనే ఈ ఏర్పాటులో తప్పూ, దాని ఉపసంహరణా రెండూ చరిత్రలో పక్కపక్కనే నిలుస్తాయి.

ఇక్కడ న్యాయవైశేషికులు చేసిన ఒక విభాగం అక్కరకు వస్తుంది. వస్తువు పుట్టకముందు ఉండే లేమిని వారు ప్రాగభావమనీ, అది నశించిన తరువాతి లేమిని ప్రధ్వంసాభావమనీ అన్నారు. మొదటిదానికి ఆది లేదు గాని అంతం ఉంది, రెండోదానికి ఆది ఉంది గాని అంతం లేదు. చివరి కమిట్‌ను పూర్తిగా రివర్ట్ చేసినప్పుడు ఫైళ్ళ స్వరూపం ఒక్క అక్షరం తేడా లేకుండా మునుపటిదే అవుతుంది, ఆ స్వరూపానికి మాత్రమే గిట్ లెక్కగట్టే గుర్తింపు కూడా మునుపటిదే వస్తుంది. అయినా కమిట్ గుర్తింపు వేరు, ఎందుకంటే దాని వెనుక ఇప్పుడొక చరిత్ర ఉంది. కంటికి కనిపించే లేమి ఒకటే అయినా ప్రాగభావం తిరిగి రాలేదని, వచ్చినది ప్రధ్వంసాభావమేనని ఇంతకంటె నిక్కచ్చిగా చూపడం కష్టం. జరిగినదాన్ని జరగనిదిగా చేసే శక్తి ఒక్కటే దేవుడికి సైతం లేదన్న గ్రీకు కవి అగథాన్ మాటను అరిస్టాటిల్ తన నీతిశాస్త్రం ఆరో భాగంలో ఆమోదంతో ఉదాహరించాడు. 11వ శతాబ్దంలో పీటర్ డామియన్ అనే క్రైస్తవ సన్యాసి దైవశక్తికి ఆ హద్దును ఒప్పుకోలేక దీర్ఘంగా వాదించాడు గాని, మానవ కర్మ వరకు అగథాన్ మాటే నిలుస్తుంది.

సమూలంగా వెనక్కి తీసుకోవడం కంటె ఎంచి తీసుకోవడంలోనే అసలు చిక్కు ఉంది. ఇంకా కమిట్ కాని మార్పులలో కొన్నిటిని వదులుకోవడానికి రిస్టోర్ అనే ఆజ్ఞకు పి అన్న గుర్తు జోడించి ఇస్తే, గిట్ ఆ మార్పులను హంక్ అనే చిన్న ముక్కలుగా విడదీసి, మార్పులో తీసేసిన లైన్లకు ముందు తీసివేత గుర్తు, చేర్చిన లైన్లకు ముందు కూడిక గుర్తు పెట్టి, ఒక్కొక్క ముక్కనూ చూపి వదలాలా వద్దా అని అడుగుతుంది. వై నొక్కితే ఆ ముక్క పోతుంది, ఎన్ నొక్కితే ఉంటుంది. ఎస్ నొక్కితే ముక్క మరింత చిన్న ముక్కలవుతుంది, అయితే మారిన లైన్ల మధ్య మారని లైను కనీసం ఒకటైనా ఉంటేనే అది సాధ్యం. లేనప్పుడు ఇంగ్లీషు ఇ (e) అక్షరం నొక్కి, ముక్కను స్వయంగా దిద్దుకోవాలి.

ఒక దుకాణపు బిల్లులు వేసే ప్రోగ్రామును తీసుకుంటే ఈ చిక్కు తేటపడుతుంది. అందులో మూడు మార్పులు జరిగాయనుకోవాలి: మొత్తాన్ని రూపాయలలో కాక పైసలలో దాచడానికి ఒకచోట 100తో గుణించారు, ఫైలులో చాలా దిగువన బిల్లు ముద్రించే ముందు 100తో భాగించారు, ఆ భాగహారపు లైనును ఆనుకునే రాయితీ లెక్కను మార్చారు. రాయితీ లెక్క తప్పని తెలిసి దాన్ని ఒక్కదాన్నే వెనక్కి తీయబోతే, అదీ భాగహారమూ ఒకే హంక్‌లో కనబడతాయి, ఎస్‌కు అవకాశం ఉండదు. గమనించకుండా వై నొక్కితే రెండూ పోతాయి, పైనున్న గుణకారం మాత్రం మిగిలిపోతుంది. ప్రోగ్రాము ఏ ఫిర్యాదూ లేకుండా నడుస్తుంది, 500 రూపాయల సరుకుకు 50,000 రూపాయల బిల్లు వస్తుంది. యంత్రం చూసేది లైన్ల ఇరుగుపొరుగును మాత్రమే; అర్థంలో ఏది దేనిమీద ఆధారపడిందో దానికి తెలియదు. ఒక కర్మలో ఏ అంశం దోషమో, ఏ అంశం దానిని ఆనుకుని మాత్రమే ఉందో తేల్చే వివేకం కర్తదే, దానికి మారుగా మరొకటి లేదు.

కర్మను ఇలా అంశాలుగా విడదీసి చూసిన వారిలో విజ్ఞానేశ్వరుడు అగ్రగణ్యుడు. కళ్యాణి చాళుక్య చక్రవర్తి ఆరో విక్రమాదిత్యుని కాలంలో యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాసిన ఈ పండితుణ్ణి వారసత్వ విభాగానికే పరిమితం చేసి తలచుకోవడం వల్ల, ప్రాయశ్చిత్తాధ్యాయంలో ఆయన చూపిన సునిశితత్వం మరుగున పడింది. తెలియక చేసిన పాపం ప్రాయశ్చిత్తంతో తొలగుతుందనీ, తెలిసి చేసిన వాడు ప్రాయశ్చిత్తం వల్ల లోకవ్యవహారానికి మాత్రం అర్హుడవుతాడనీ స్మృతి చెప్పింది. పాపం పోకుండా అర్హత ఎలా వస్తుందన్న సందేహానికి మితాక్షర ఇచ్చే సమాధానం, పాపానికి రెండు శక్తులున్నాయని: నరకాన్ని కలిగించేది ఒకటి, తోటివారితో వ్యవహారాన్ని అడ్డుకునేది మరొకటి. మొదటిది తొలగకపోయినా రెండోది తొలగవచ్చు. పాపాన్ని విడదీయరాని ఒకే ముద్దగా చూసినవారికి శిక్షా క్షమా తప్ప మూడో దారి కనబడదు. దానిలో అంశాలను గుర్తించినందువల్లనే, తప్పు చేసినవాణ్ణి సంఘంలోకి మళ్ళీ రానిస్తూనే అతడి తప్పును తప్పుగానే నిలిపి ఉంచే మార్గం మితాక్షరకు దొరికింది. ఇది ధర్మశాస్త్ర వాఙ్మయంలోని అత్యంత మానవీయమైన తర్కాలలో ఒకటి.

అయితే ఎంచి తొలగించే అధికారానికీ ఒక గడువుంది. జ్ఞానం కలిగినప్పుడు పూర్వకర్మలు నశిస్తాయని చెప్పిన బ్రహ్మసూత్రాల నాలుగో అధ్యాయమే, ఆ నాశం ఇంకా ఫలించడం మొదలుపెట్టని కర్మలకే గాని మొదలుపెట్టిన వాటికి కాదని వెంటనే హద్దు గీసింది. ఫలించడం మొదలైన ఈ కర్మకు ప్రారబ్ధమని పేరు. కుమ్మరి సారె ఒకసారి తిరగడం మొదలయ్యాక వేగం తగ్గేదాకా తిరగక మానదని శంకరాచార్యులు దీనికి ఉపమానం చెప్పారు. దుకాణపు ప్రోగ్రాములో భాగహారపు లైనును కొత్త కమిట్‌తో తిరిగి చేర్చిన క్షణం నుంచి రాబోయే బిల్లులు సరిగా వస్తాయి, కాని అప్పటికే ముద్రించి కొన్నవారి చేతికిచ్చిన బిల్లులమీద ఆ కమిట్‌కు ఏ అధికారమూ లేదు. ఎక్కువగా వసూలైన సొమ్ము కోడులో ఎక్కడా లేదు కనుక దాన్ని కోడు నుంచి వెనక్కి తీయలేరు. ఎవరి వద్ద ఎంత తీసుకున్నారో లెక్క చూసి వారికి ముట్టజెప్పడం విడిగా చేయవలసిన మరో పని. మనుస్మృతి 11వ అధ్యాయం తక్కువ విలువ గల వస్తువుల దొంగతనానికి సాంతపన కృచ్ఛ్రమనే ఉపవాసవ్రతాన్ని విధిస్తూ, కాజేసిన వస్తువును సొంతదారుకు తిరిగి ఇచ్చిన మీదటనే దాన్ని ఆచరించాలని షరతు పెట్టింది.