ఒక దినము – పలు నామములు

దినములన్నియు సమానములే. మానవుని స్మృతియే ఒకదానిని పండుగగాను, వేరొకదానిని తద్దినముగాను చేయుచున్నది. ఒకే దినము ఒక ఇంట పండుగయు, పొరుగింట దుఃఖమును అయినపుడు ఊరివారి ధర్మమేమి? సెప్టెంబరు 17 ఈ ప్రశ్నను ఏటేట తెచ్చుచున్నది.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యము హైదరాబాదు సంస్థానమున ప్రవేశించినది. 17న నిజాము లొంగుబాటు ప్రకటించెను. పోలీసు చర్య యని పేరు పెట్టినను అది సైనిక చర్యయే. రజాకార్ల దౌర్జన్యములకు గురియైన వారికి అది విమోచనము. భూమి కొరకు, వెట్టి నిర్మూలనకు ఆయుధము పట్టిన వారికి విద్రోహము. ఏలయన వారిపై సైనిక నిర్బంధము ఆ పిదపను సాగినది. పోరాట విరమణ 1951 అక్టోబరులో గాని జరుగలేదు. నిజాము మాత్రము 1950లో రాజప్రముఖుడైనాడు. మరికొందరికి అది కేవలము విలీనము. పాలకుల మాటయు ఒకటి కాదు. 2022లో కేంద్ర ప్రభుత్వము విమోచన దినమనగా, రాష్ట్ర ప్రభుత్వము జాతీయ సమైక్యతా దినమన్నది. 2024లో రాష్ట్రము ప్రజాపాలన దినమన్నది.

నల్లగొండ సీమకు చేరువనున్న ఇబ్రహీంపట్నం ప్రాంతమునకును నాటి రైతాంగ పోరాటము వ్యాపించినది. ఊరి పేరును, పెద్ద చెరువును కుతుబ్‌షాహీల నాటివి. ఒకే చెరువు నీట పైరు పండించుకొనువారు ఒక దినమును పలు పేర్లతో పిలుచుట వింత కాదు. ఎవరి ఇంట ఏది జరిగినదో వారు దానినే తలచుదురు. తన ఇంటి మృతులను మాత్రమే లెక్కించి, పొరుగింటి మృతులు లేనే లేరనుటయే దోషము.

బసవేశ్వరుని కల్యాణమును నాడు ఆ సంస్థానములోనిదే. బీదరు జిల్లాలో, కల్యాణమునకు సమీపమున నున్న గోర్టా గ్రామమున 1948 మే నెలలో రజాకార్లు అనేకులను వధించిరి. సైనిక చర్య తరువాత అదే జిల్లాలో నిరపరాధులైన ముస్లిములు హతులైరి. కేంద్ర ప్రభుత్వము పంపిన పండిత సుందర్‌లాల్ సంఘము, సంస్థానమంతట ఇట్లు మరణించినవారు 27 వేలనుండి 40 వేల వరకు ఉందురని అంచనా వేసినది. ఆ నివేదిక దశాబ్దముల తరబడి ప్రజలకు అందలేదు.

ఇరువురి దుఃఖమును తలచినచో పీడకుడును, పీడితుడును సమానులగుదురా యని కొందరు శంకింతురు. కానేరరు. పాపము చేసినవానిది, వాని కులమతములది కాదు. సంస్థానము భారతదేశమున చేరవలెనని వ్రాసిన పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో హతమార్చినది రజాకార్లే. నిజాము అండతో రైతును పీడించిన దేశముఖులలో హిందువులును కలరు. పుట్టుకను బట్టి కాక నడవడిని బట్టి మనుష్యుని ఎంచవలెనని బోధించిన బసవేశ్వరుని మార్గము ఇచట దీపమగును.

కావున ఆ దినమునకు ఏ పేరు పెట్టినను పెట్టుకొనవచ్చును. జెండా ఎగురవేయు చేయి పొరుగువాని కన్నీటిని తుడువగలిగినదా, లేదా అనునదే పరీక్ష. దయ లేని స్మరణము పగకు పెట్టుబడి. దయతో కూడిన స్మరణమే మృతులకు నిజమైన నివాళి.