ఆ నక్షత్రాల ఫొటోలో రంగులు నిజమైనవేనా?

 

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. విశ్వరూప దర్శనం మీద మనం చేసిన వీడియో థంబ్‌నెయిల్‌లో ఒక ఫొటో ఉంది, గుర్తుందా? చీకట్లోంచి పైకి లేచినట్టున్న మూడు గోధుమరంగు స్తంభాలు, వాటి వెనక నీలం, ఆకుపచ్చ కలిసిన వెలుగు. దాని మీద "నాసా కెమెరాకు చిక్కిన విశ్వరూపం" అని పెద్ద అక్షరాల్లో పెట్టాం. ఆ లైన్ రాసింది నేనే. రెండు రోజుల తర్వాత ఇంజనీరింగ్‌లో నాతో చదివిన ఫ్రెండ్ ఒకడు ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఆ రంగులు కంప్యూటర్‌లో వేసినవిరా. ఉత్తుత్తి ఫొటో పెట్టి దేవుడంటావేంటి?" అన్నాడు. నాకు కోపమైతే వచ్చింది గానీ సమాధానం రాలేదు. ఆ రాత్రి కూర్చుని చదివాను. వాడన్నదాంట్లో సగం నిజం.

ఆ ఫొటో పేరు పిల్లర్స్ ఆఫ్ క్రియేషన్, అంటే సృష్టి స్తంభాలు. 1995 ఏప్రిల్ 1న హబుల్ టెలిస్కోపు తీసింది. తీయించినవాళ్ళు జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు. ఈగల్ నెబ్యులా అనే వాయువుల మేఘంలో ఒక చిన్న ముక్క అది. మనకి సుమారు 6,500 కాంతి సంవత్సరాల దూరం. అందులో పొడవాటి స్తంభం ఒక్కటే నాలుగైదు కాంతి సంవత్సరాలు ఉంటుంది. సూర్యుణ్ణించి పక్క నక్షత్రానికి ఉన్నంత దూరం అన్నమాట. ఆ స్తంభాల్లోపల ఇప్పటికీ నక్షత్రాలు పుడుతున్నాయి.

ఇక రంగుల సంగతి. హబుల్ కెమెరాకి అసలు రంగు తెలీదు. ఏ చుక్క మీద ఎంత వెలుగు పడిందో లెక్కపెడుతుంది, అంతే. వచ్చేది నలుపు తెలుపు బొమ్మ. అందుకని ముందు ఒక ఫిల్టర్ పెట్టి ఆక్సిజన్ వెలుగుని మాత్రమే తీస్తారు, తర్వాత హైడ్రోజన్‌ది, తర్వాత గంధకానిది. గంధకం వెలుగు తరంగం పొడవైనది, 673 నానోమీటర్లు. హైడ్రోజన్‌ది 656. ఆక్సిజన్‌ది 501. ఈ వరసనే పట్టుకుని గంధకానికి ఎరుపు, హైడ్రోజన్‌కి ఆకుపచ్చ, ఆక్సిజన్‌కి నీలం ఇచ్చి మూడూ కలిపేశారు.

నిజానికి హైడ్రోజన్ వెలుగు మన కంటికి ఎర్రగానే కనిపిస్తుంది. గంధకం వెలుగూ ఎరుపే. రెండింటినీ ఎరుపుగానే ఉంచేస్తే ఏది ఎక్కడుందో తెలిసేది కాదు. విడివిడిగా చూపించడానికే ఆ రంగులు. మా ఆఫీసులో ఏ సర్వర్ మీద ఎంత లోడ్ ఉందో ఎరుపు, పసుపు, ఆకుపచ్చల్లో చూపిస్తాం. సర్వర్ ఎర్రగా ఉండదు కదా! అలాగని ఆ ఎరుపుని అబద్ధమని ఎవరూ అనరు, పరిగెత్తుకుంటూ వెళ్తారు.

"సరే, దగ్గరికి వెళ్తే అసలు రంగు కనిపిస్తుందిగా?" అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. కనిపించదట. దగ్గరికి వెళ్ళేకొద్దీ ఆ మేఘం పెద్దదవుతుంది గానీ కాంతివంతం కాదు. వచ్చే వెలుగు ఎక్కువైనా అది అంత ఎక్కువ మేరకి పరుచుకుంటుంది. మసక వెలుతురులో మన కంట్లో రంగుని పట్టే కణాలు సరిగ్గా పనిచెయ్యవు. బూడిదరంగు మసకే మిగులుతుంది. అంటే ఇబ్బంది దూరంతో కాదు, కంటితో.

ఇక్కడే గీత పదకొండో అధ్యాయం నాకు కొత్తగా కనిపించింది. అర్జునుడు కృష్ణుడికి ఎంత దూరంలో ఉన్నాడు? ఒకే రథం మీద, చెయ్యి చాపితే అందేంత దగ్గర. అయినా చూడలేకపోయాడు. స్వామి అతన్ని ఇంకా దగ్గరికి రమ్మనలేదు. నీ కళ్ళు చాలవు, నేను వేరే కన్ను ఇస్తానన్నాడు. గీతలో ఇన్‌ఫ్రారెడ్ ఉందని నేననడం లేదు, దయచేసి అలాంటి ఫార్వర్డ్‌లు నాకు పంపకండి. కళ్ళముందే ఉన్నదాన్ని కూడా ఈ కన్ను చూడలేకపోవచ్చు అనే మాట దగ్గరే నేను ఆగిపోయాను.

2022 అక్టోబరులో అవే స్తంభాల ఫొటో మళ్ళీ వచ్చింది. ఈసారి తీసింది జేమ్స్ వెబ్ టెలిస్కోపు. ఇది చూసేది ఇన్‌ఫ్రారెడ్, మన కంటికి అందని పొడవైన తరంగాలు. మామూలు వెలుగు ధూళి రేణువులకి తగిలి చెదిరిపోతుంది. ఇన్‌ఫ్రారెడ్ చాలావరకు వాటిని దాటుకుని వచ్చేస్తుంది. హబుల్ ఫొటోలో గోడల్లా ఉన్న స్తంభాలు ఇందులో పల్చటి తెరల్లా మారిపోయాయి. లోపలా వెనకా దాక్కున్న నక్షత్రాలు వేలల్లో బయటపడ్డాయి. అంచుల్లో నిప్పుకణికల్లా ఎర్రగా ఉన్నవి ఇంకా పుడుతున్న నక్షత్రాలు.

ఈ టెలిస్కోపులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. వేడిగా ఉన్న ప్రతి వస్తువూ ఇన్‌ఫ్రారెడ్ వెదజల్లుతుంది. టెలిస్కోపు వేడిగా ఉంటే దాని వెలుగే దానికి అడ్డం. అందుకే భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, అయిదు పొరల గొడుగు నీడలో పెట్టారు. అందులో ఒక పరికరాన్నైతే దాదాపు మైనస్ 266 డిగ్రీలకి చల్లబరిచారు. తన వేడి తగ్గితే తప్ప ఎదుటిది కనిపించదు. ఫ్రెండ్ మీద కోపంతో ఊగిపోయిన రాత్రి ఇది చదవడం నాకు కాస్త ఇబ్బందిగానే అనిపించింది.

విచిత్రం ఏమిటంటే, చల్లబరిచిన ఆ పరికరం ఇంకా పొడవైన తరంగాల్లో తీసిన ఫొటోలో నక్షత్రాలు దాదాపు మాయమైపోయాయి. ధూళి మాత్రం గంభీరంగా తిరిగొచ్చి నిలబడింది. ఒకే స్తంభాలు, మూడు కళ్ళు, మూడు రూపాలు. ఏదీ కల్పితం కాదు, ఏదీ పూర్తిదీ కాదు.

ఈ మూడు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూస్తుంటే నాకు సింహాచలం గుర్తొచ్చింది. మా అమ్మమ్మది విశాఖ. వరాహ లక్ష్మీనరసింహ స్వామి ఏడాది పొడవునా చందనం కప్పుకుని లింగంలా కనిపిస్తాడు. అక్షయ తృతీయ ఒక్కరోజు చందనం ఒలిచి నిజరూపం చూపిస్తారు. చందనంలో ఉన్న రోజున అక్కడున్నది స్వామి కాదని ఎవరైనా అంటారా?

కొన్నేళ్ళ క్రితం ఆ రోజున అమ్మమ్మని తీసుకెళ్ళాను. అప్పటికే ఆవిడకి చూపు బాగా తగ్గిపోయింది. గంటలకొద్దీ క్యూ. స్వామి ముందుకొచ్చేసరికి వెనకనుంచి తోపులాట, "కదలండి కదలండి" అని అరుపులు. ఆవిడ పడిపోకుండా పట్టుకోవడంలోనే నా చూపంతా పోయింది. బయటికొచ్చాక, "ఎలా ఉన్నాడ్రా స్వామి? నాకు ఆనలేదు, నువ్వు చెప్పు" అంది.

నేనూ చూడలేదని చెప్పడానికి నోరు రాలేదు. "చిరునవ్వు నవ్వుతున్నట్టున్నాడు అమ్మమ్మా" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం ఆగింది. "ఏటీ, నవ్వుతున్నాడా? వరాహ ముఖంరా బాబూ ఆయనది. నువ్వు చూళ్ళేదు, అంతే" అంది. తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

నా ఫ్రెండ్‌కి చెప్పాల్సిన సమాధానం ఇందులోనే దొరికింది. హబుల్ వాళ్ళు ఉన్నదాన్ని, కనబడనివాళ్ళకి కనబడేలా చెప్పారు. ఏ రంగు దేనికి ఇచ్చారో దాచలేదు. నేను అమ్మమ్మకి చెప్పింది అది కాదు. లేని నవ్వుని అంటించాను. మన థంబ్‌నెయిల్ మీద లైన్ కూడా ఆ నవ్వులాంటిదే. కెమెరాకి విశ్వరూపం చిక్కలేదు. కొంత ధూళి, కొంత వాయువు, పుడుతున్న కొన్ని నక్షత్రాలు చిక్కాయి. వాటిని చూసి నాకు చేతులు జోడించాలనిపించడం నిజం. అది నా భక్తి, నాసా ఇచ్చిన సర్టిఫికెట్ కాదు.

వాడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "అయితే ఫొటో కరెక్టు, నువ్వే రాంగు" అన్నాడు. అంతే మరి.

థంబ్‌నెయిల్ మార్చేశాం. క్లిక్కులు తగ్గుతాయని మన ఎడిటర్ తమ్ముడు మూతి ముడిచాడు. ఫొటో అదే ఉంచి, పైన "సృష్టి స్తంభాలు, 1995" అని, కింద చిన్న అక్షరాల్లో "గంధకం ఎరుపు, హైడ్రోజన్ ఆకుపచ్చ, ఆక్సిజన్ నీలం" అని రాశాం.