ఎవరికెంత దూరము?



మన పల్లెలలో అనేక కుటుంబములనుండి ఒక కుమారుడో కుమార్తెయో అమెరికా వెళ్లియున్నారు. "అది ఎంత దూరమయ్యా?" అని ముసలి తల్లి అడుగును. హైదరాబాదు విమానాశ్రయమునుండి చికాగో విమానాశ్రయమునకు నేరుగా కొలిచిన యెడల సుమారు 13,300 కిలోమీటర్లు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియావారు ఈ రెంటి మధ్య ఎక్కడను ఆగని విమానమును ప్రారంభించినప్పుడు ఆ ప్రయాణము 16, 17 గంటల పని. గోళముమీద ఈ రెండు పట్టణములకు దారము బిగించి చూడుడి. అది పడమటికి పోక, ఉత్తర ధ్రువపు దిక్కుగా పోవును. అదియే దగ్గర త్రోవ.

పూర్వము ఇట్లు కాదు. 1793 జూన్ నెలలో ఇంగ్లండు విడిచిన విలియం కేరీగారు నవంబరులో గాని కలకత్తా చేరలేదు. 1834లో శ్రీరాంపూరులో మరణించువరకు ఆయన స్వదేశమునకు తిరిగి పోలేదు. ఆ దినములలో రానివాని పక్షమున సముద్రమే జవాబు చెప్పెడిది. నేడు సముద్రము ఆ జవాబు చెప్పదు. అట్లయిన, ఒక్క దినములో రాగలిగియు రాని కుమారుడు మరింత దోషియా?

తొందరపడి తీర్పు తీర్చకుడి. దూరమును గంటలు మాత్రమే కొలువవు. టిక్కెట్టు వెల, సెలవు, వీసా కూడ కొలుచును. హైదరాబాదునుండి దుబాయి సుమారు నాలుగు గంటల ప్రయాణమే. అయినను అక్కడ కూలిపనికి పోయినవాడు, ఒప్పందము ముగియక, అప్పు తీరక, తండ్రి సమాధి కార్యక్రమమునకైనను రాలేకపోవచ్చును. వానికి ఆ నాలుగు గంటలు కేరీగారి ఐదు నెలలకంటె దీర్ఘమైనవి. మరియొకడు సికింద్రాబాదులో ఉద్యోగము చేయుచుండును. తల్లి మెదకు ప్రాంతపు పల్లెలో నుండును. బస్సులో రెండు మూడు గంటలు. అతడు రానియెడల ఏ దూరము అతని పక్షమున మాటలాడును? దాటగలిగినవాడు దాటని దూరమే నిజమైన దూరము.

యెరికో త్రోవలో గాయపడినవానిని చూచిన యాజకునికిని లేవీయునికిని అతడు ఎంత దూరము? త్రోవ వెడల్పంత. వారు ఆవలి ప్రక్కగా పోయిరి. సమరయుడు పరదేశియైనను ఆ కొద్ది అడుగులు దాటెను.

కాబట్టి ఈ ప్రశ్న చికాగోలోనున్నవానికి మాత్రమే కాదు, మనకును చెందినది. కుమారుడు దూరదేశమందున్న తల్లి మన వీధిలోనే యున్నది. ఆమెకు జ్వరము వచ్చినప్పుడు ఆస్పత్రికి తోడు పోవువారెవరు? ఫోనులో కుమారునితో మాటలాడుటకు సాయము చేయువారెవరు? అతడెందుకు రాలేదని లెక్కించుటకు ముందు, మన గుమ్మమునుండి ఆమె గుమ్మమునకు ఎన్ని అడుగులో లెక్కించుదము. నేటి సాయంకాలమే ఆ అడుగులు వేయుదము.