నడిసముద్రంలో దొంగలు పడితే

సముద్రపు దొంగల గురించి రాయడానికి మోమిన్‌పేట మనిషికి ఏం హక్కుందని మీరు అడగవచ్చు. నిజమే, మాకు సముద్రం లేదు. తూర్పుకి పోయినా పడమటికి పోయినా, ఓ పూటంతా రైల్లోనో బస్సులోనో కూర్చుంటే గాని ఉప్పునీళ్ళు కంటబడవు. మాకున్నది చెరువు, కాస్త దూరంలో అనంతగిరి కొండలు. ఆ కొండల్లో పుట్టిన మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసి, కృష్ణతోపాటు పోయి సముద్రంలో పడుతుంది. మాకూ సముద్రానికీ ఉన్న చుట్టరికం అంతేననుకుంటాం.

కాని కాస్త పరకాయించి చూస్తే, సముద్రం మా వంటింట్లోకీ పొలంలోకీ రోజూ వస్తూనే ఉంది. అదను మీద రైతులు వరసకట్టి నిలబడే యూరియాలో కొంత గల్ఫు దేశాల నించి ఓడల్లో వచ్చిందే. వికారాబాదు బస్సులో పోసే డీజిలు చాలామటుకు అలా వచ్చిన ముడిచమురే. ఆఖరికి కందిపప్పు! తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మేమంతా మురిసిపోయాం గాని, దేశానికి చాలని కంది మొజాంబిక్ నించీ టాంజానియా నించీ హిందూ మహాసముద్రం దాటి వస్తోంది. 2016లో మొజాంబిక్‌తో పప్పుల కోసం మన ప్రభుత్వం ఒప్పందం కూడా చేసుకుంది. అంటే మనం కలుపుకునే ముద్దపప్పు ఒకప్పుడు దొంగల కళ్ళ ముందు నించి వచ్చి ఉండవచ్చునన్నమాట.

సముద్రపు దొంగ అనగానే మనకి కంటికి నల్లగుడ్డ కట్టుకున్న సినిమా విలను గుర్తొస్తాడు. ఇప్పటి దొంగ అలా ఉండడు. చిన్న మోటారు పడవ, ఒక నిచ్చెన, రెండు మూడు తుపాకులు, నలుగురైదుగురు కుర్రాళ్ళు. ఓడలోని సరుకు వీళ్ళకి అక్కర్లేదు. ఇనుపఖనిజం ఎత్తుకుపోయి ఏం చేసుకుంటారు? వాళ్ళకి కావలసింది అందులోని మనుషులు. మనుషుల్ని పట్టుకుంటే యజమాని డాలర్లు కడతాడు.

సోమాలియాలో 1991లో ప్రభుత్వం కూలిపోయింది. కాపలా లేని ఆ తీరానికి పరాయి దేశాల పెద్ద పడవలు వచ్చి చేపల్ని ఊడ్చుకుపోయాయి. వాటిని తరమడానికని కొందరు తుపాకి పట్టారు. తరమడం కంటే పట్టుకోవడంలోనే లాభం ఎక్కువని త్వరలోనే కనిపెట్టారు. 2011 ఒక్క ఏడాదిలో సోమాలీ దొంగల దాడులు 237 అని అంతర్జాతీయ మారిటైమ్ బ్యూరో లెక్క తేల్చింది.

మరి వీళ్ళనేం చెయ్యాలి? మన పెద్దలు శత్రువుకి నాలుగుపాయాలు చెప్పారు: సామం, దానం, భేదం, దండం. అందరికీ నచ్చేది ఆఖరిది గనక దాంతోనే మొదలుపెడతాను.

దండం పనిచేస్తుంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి. 2008 నించి మన నౌకాదళం, యూరప్ వాళ్ళు, అమెరికా వాళ్ళు, చైనా వాళ్ళు కూడా ఏడెన్ సింధుశాఖలో కావలి తిరిగారు. ఓడల వాళ్ళు అంచులకి ముళ్ళతీగ చుట్టారు, పైకెక్కేవాళ్ళ మీద కొట్టడానికి నీటిగొట్టాలు అమర్చుకున్నారు, లోపల ఇనుప తలుపు బిగించుకుని దాక్కునే గదులు ఏర్పాటు చేసుకున్నారు. 237 దాడులు 2012లో 75కీ, 2013లో 15కీ దిగాయి. 2024 జనవరిలో లీలా నార్ఫోక్ అనే ఓడ మీదికి దొంగలు ఎక్కినప్పుడు, 15 మంది భారతీయులతో సహా 21 మంది అలాంటి గదిలోనే తలుపేసుకుని, మన కమాండోలు వచ్చేదాకా ప్రాణాలు కాపాడుకున్నారు. ఆ మార్చిలోనే ఐ.ఎన్.ఎస్. కోల్‌కతా, మన తీరానికి 2,600 కిలోమీటర్ల దూరాన, మూడు నెలలుగా దొంగల చేతిలో ఉన్న రూయెన్ ఓడని అడ్డగించింది. 40 గంటలు ఓపిక పట్టి, 35 మందిని లొంగదీసి, 17 మంది సిబ్బందినీ క్షేమంగా విడిపించింది. చదువుతుంటే ఎవరికైనా ఒళ్ళు పులకరిస్తుంది.

అయితే పట్టుకోవడంతో సరిపోతుందా? నడిసముద్రంలో దొంగని ఏ దేశమైనా పట్టుకోవచ్చు, శిక్షించవచ్చు అని అంతర్జాతీయ న్యాయం. కాని శిక్షించడానికి మన దగ్గర సరైన చట్టం చాలాకాలం లేదు. 1999లో అలాండ్రా రెయిన్‌బో అనే జపాను వాళ్ళ ఓడని దొంగల నించి మనవాళ్ళు సాహసంగా పట్టుకున్నారు. 2003లో బొంబాయి సెషన్స్ కోర్టు శిక్ష వేసింది, 2005లో హైకోర్టు కొట్టేసింది. ప్రత్యేక చట్టాన్ని పార్లమెంటు ఆమోదించేసరికి 2022 డిసెంబరు అయింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయంటారు. మనకి ఇరవై మూడేళ్ళు పట్టింది!

దండానికి ఇంకో ప్రమాదముంది. భయపడిన వాడి చేతిలో తుపాకి ఉంటే ఎదటివాడు దొంగో దొరో చూసుకోడు. 2012 ఫిబ్రవరిలో ఎన్రికా లెక్సీ అనే ఇటలీ ఓడ మీద కాపలాకున్న సైనికులు, దొంగలనుకుని, కేరళ తీరం దగ్గర చేపలు పట్టుకునే మనవాళ్ళ పడవ మీద కాల్చారు. ఇద్దరు పోయారు. కేసు తొమ్మిదేళ్ళు నడిచింది. 2021లో పది కోట్ల రూపాయల పరిహారంతో సుప్రీంకోర్టులో ముగిసింది. దూరం నించి చూస్తే చిన్న పడవలో ఉన్న బీదవాడు ఎవరికైనా దొంగలాగే కనిపిస్తాడు కాబోలు.

ఇక దానం. డబ్బు కట్టి మనుషుల్ని విడిపించుకోవచ్చా, కూడదా? కూడదనే వాళ్ళ తర్కానికి తిరుగులేదు. ఇవాళ ఇచ్చిన డాలరు రేపు ఇంకో పడవకి పెట్రోలవుతుంది. ఈ ఓడని విడిపించి పై ఓడని అమ్మేసినట్టే. కాని ఆ మాట ఒక తల్లికి చెప్పి చూడండి. 2010 సెప్టెంబరులో అస్ఫాల్ట్ వెంచర్ అనే ఓడ దొంగల పాలయింది. 2011 ఏప్రిల్లో డబ్బు ముట్టింది. ఓడనీ కొందరినీ వదిలారు గాని ఏడుగురు భారతీయుల్ని మాత్రం ఉంచేసుకున్నారు. మా వాళ్ళు మీ జైళ్ళలో ఉన్నారు, వాళ్ళని వదిలితే వీళ్ళని వదులుతామన్నారు. ఆ ఏడుగురూ బయటపడింది 2014 అక్టోబరులో. మన నౌకాదళం దొంగల్ని పట్టుకోవడం న్యాయం. ఆ న్యాయానికి ఖరీదు కట్టింది మాత్రం ఆ ఏడు ఇళ్ళు.

ఈ సంగతి మా పక్కింటి అవ్వకి చెప్పి, నువ్వైతే ఏం చేస్తావని అడిగాను. ఆవిడ సముద్రం చూడలేదు. విస్తరాకు కుట్టడం ఆపకుండానే, "పైసలిచ్చి ముందుగాల పిల్లగాన్ని తెచ్చుకోవాలె బిడ్డా. దొంగ సంగతి ఎనక చూసుకోవాలె. చూసుకోకుండ మాత్రం ఇడవొద్దు," అంది.

ఆ మాటలో వరస గమనించండి. ముందు పిల్లవాడు, తర్వాత దొంగ, కాని రెండూ. ఓడల కంపెనీలు మొదటిది చేసి రెండోది మర్చిపోతాయి. ప్రభుత్వాలు ఒక్కోసారి రెండోదాని కోసం మొదటిది వదులుకుంటాయి. రెండూ తన బాధ్యతే అనుకోవడానికి ఆవిడలా తల్లి మనసు కావాలి.

దొంగ సంగతి చూసుకోవడమంటే ఏమిటి? అక్కడే భేదం వస్తుంది. 2005 నించి 2012 దాకా ఆ తీరాన చేతులు మారిన సొమ్ము 33.9 కోట్ల నించి 41.3 కోట్ల డాలర్లని 2013లో ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్య సమితి సంస్థ, ఇంటర్‌పోల్ కలిసి అంచనా వేశాయి. అందులో నిచ్చెనెక్కిన కుర్రాడికి దక్కింది చాలా కొంచెం. పడవా పెట్రోలూ తుపాకీ సమకూర్చి, ఒడ్డున కూర్చున్న పెట్టుబడిదారుకే సింహభాగం. పైగా ఆ కుర్రాడు నమిలిన ఖాత్ ఆకుకీ లెక్క రాసి, అతని వాటాలోంచి కోసుకుంటారట! పల్లెటూళ్ళో పుట్టినవాళ్ళకి ఈ లెక్కల పుస్తకం కొత్తది కాదు. కుర్రాళ్ళు జైలుకి పోతారు, షావుకారు ఇంకో నలుగుర్ని చేర్చుకుంటాడు. అందుకని డబ్బు ఏ దారిన పోయిందో, ఎవరి ఇల్లయిందో, ఏ వ్యాపారమయిందో పట్టుకోవాలి. కూలివాణ్ణి షావుకారు నించి విడదీయడమే అసలైన భేదం.

మిగిలింది సామం. దొంగలతో మంచి మాటలేమిటని నవ్వకండి. సామం దొంగతో కాదు, ఒడ్డుతో.

అలెగ్జాండరుకి పట్టుబడ్డ ఒక సముద్రపు దొంగ, చిన్న పడవతో చేస్తే నేను దొంగని, పెద్ద నౌకాదళంతో చేస్తే నువ్వు చక్రవర్తివి అన్నాడని ఒక పాత కథ ఉంది. సోమాలీ దొంగ కూడా ఆ మాటే అంటాడు. మా చేపలు దోచినవాళ్ళు దొరలు, మేం దొంగలమా అని. ఆ ప్రశ్న న్యాయమైనదే, కాని దాన్ని అతను అడగవలసిన మనిషిని అడగటం లేదు. ఓడ మీద ఉన్నవాడు చేపలు దోచినవాడు కాడు. బంగ్లాదేశ్ కుర్రాడో, ఫిలిప్పీన్స్ తండ్రో, శ్రీకాకుళం నించి అప్పు చేసి కోర్సు చదివి ఓడెక్కిన మన పిల్లాడో అయి ఉంటాడు. బీదవాడు బీదవాణ్ణి పీడిస్తుంటే, చేపలు ఊడ్చుకుపోయినవాడూ పడవకి పెట్టుబడి పెట్టినవాడూ ఇద్దరూ హాయిగా నిద్రపోతారు. ఆకలి దొంగతనాన్ని అర్థం చేయిస్తుంది గాని, మూడేళ్ళు ఒక మనిషిని చీకట్లో కట్టి ఉంచడాన్ని క్షమించమని అడగలేదు.

ఇలాంటి చిక్కుని మన తెలుగు రాజొకడు 1244లోనే తనదైన దారిలో విప్పాడు. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవులో కాకతి గణపతిదేవుడు వేయించిన అభయశాసనం సంగతి చరిత్ర చదువుకున్నవాళ్ళకి తెలుసు. అంతకు ముందు రాజులు, తుఫానుకి కొట్టుకొచ్చి పగిలిన ఓడల్లోని సరుకంతా బలవంతంగా తీసేసుకునేవారట. ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, బంగారం అన్నీ. కంచే చేను మేసినట్టు, కాపాడవలసిన ఒడ్డే దోపిడీ చేసేది. గణపతిదేవుడు దయతోనూ ధర్మం కోసమూ అదంతా వదిలేసి, న్యాయంగా రావలసిన సుంకం ఒక్కటే తీసుకుంటామని రాయి మీద చెక్కించాడు. ఓడల వాళ్ళకి ధైర్యం చెప్పడానికి ఆయన ముందు చేసిన పని తన చెయ్యి తాను వెనక్కి తీసుకోవడం.

ఓరుగల్లు కూడా మా మోమిన్‌పేటలాగే సముద్రం లేని ఊరే సుమండీ. సముద్రం లేని చోట కూర్చుని సముద్రం మీద న్యాయం ఆలోచించే హక్కు మాకు ఆయన దగ్గరనించే వచ్చిందనుకోండి!

కాకతీయులు పోయాక, 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకి మళ్ళీ అభయం ఇవ్వవలసి వచ్చింది. అభయం ఒకసారి ఇచ్చి ఊరుకునేది కాదు, అది పంట చేనులాగా ఏటా చూసుకోవలసిందే. సోమాలియా తీరమే చూడండి. 2013 తర్వాత దాడులు దాదాపు ఆగాయి. దండం కొన్నాళ్ళు గడువు సంపాదించి పెట్టింది. ఆ గడువులో చేపలు దోచే పరాయి పడవలు ఆగలేదు, కుర్రాళ్ళకి పనులు దొరకలేదు. 2023 చివర నౌకాదళాల చూపు ఎర్ర సముద్రం వైపు తిరగగానే దొంగలు మళ్ళీ నిచ్చెనలు దింపారు.

ఒడ్డు నిలబడితే ఏమవుతుందో కూడా చూశాం. ఐస్‌బెర్గ్ అనే ఓడ సిబ్బంది 2010 మార్చి నించి 2012 డిసెంబరు దాకా, దాదాపు వెయ్యి రోజులు, దొంగల చెరలో మగ్గారు. చివరికి వాళ్ళని విడిపించింది ఏ పెద్ద దేశపు యుద్ధనౌకా కాదు. అదే సోమాలీ తీరాన ఉన్న పుంట్‌లాండ్ పోలీసులు.

మా పక్కనే దామగుండం అడవిలో, జలాంతర్గాములకి కబుర్లు పంపే నౌకాదళ కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. చెట్లు పోతాయని, మూసీ ఏమవుతుందోనని జనం బాధపడ్డారు. అది దొంగల కోసం కట్టేది కాదు, దాని మంచిచెడ్డలు వేరే చర్చ. నేను చెప్పేదల్లా, సముద్రానికి కావలి కాసే ఖర్చు సముద్రం లేనివాళ్ళ మీద కూడా పడుతుందని. అంత ఖర్చు పెట్టేవాళ్ళం, పరాయి వాళ్ళ చేపల మీదినించి ముందు చేతులు తియ్యమని ప్రపంచంలోని పెద్ద దేశాలకి గట్టిగా చెప్పడానికి ఎందుకు మొహమాటపడాలి? ఆ మాట చెప్పడానికి యుద్ధనౌక కూడా అక్కర్లేదు.