సభాకంపము

సభయెదుట నిలువగనే నాలుక పిడచగట్టుటకును, చేతికాగితము వణకుటకును అభ్యాసలోపమే కారణమని పెద్దలందురు. అభ్యాసము వలయును, భగవద్గీత పదునేడవ అధ్యాయమున వాఙ్మయ తపస్సులో స్వాధ్యాయాభ్యాసమును చేర్చుట ఊరక కాదు. చెప్పదలచినదానిని వ్రాసికొని, బిగ్గరగా చదువుకొని, అనవసరమును కొట్టివేసినవాడు సగము భయమును ఇంటనే విడిచి రాగలడు. తక్కిన సగము "నన్ను వీరేమనుకొందురో" యను చింతనుండి పుట్టునదని నా విశ్వాసము. దానిని అభ్యాసము పోగొట్టజాలదు.

ఆ చింతను పోగొట్టునది చెప్పవలసిన విషయముపై నిలిపిన దృష్టియే. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగినపుడు, అధ్యక్షుడుగా ఎన్నుకొనబడిన రాహుల్ సాంకృత్యాయనుడు నిర్బంధములో నుండెను. బౌద్ధదీక్ష గొని త్రిపిటకములను మథించిన ఆ పండితుడు వేదికపై లేకున్నను సభ ఆగలేదు. ఏలయన అచట చెప్పవలసిన మాట ఆయన యొక్కని సొత్తు కాదు, జమీందారీ రైతుల బ్రతుకు. కొలది దినములకే, ఏప్రిల్ 1న, మందస చెంత గుడారి రాజమణిపురమున రైతుల పక్షమున నిలిచిన వీర గున్నమ్మ పోలీసు కాల్పులలో నేలకొరిగెను. అట్టి ధైర్యము అలంకారశాస్త్రము వలన అబ్బునది కాదు.

ఇక మాట ఎట్లుండవలయునన, త్రిపిటకములలో చేరిన మజ్ఝిమనికాయములోని అభయరాజకుమార సూత్రమున బుద్ధుడు పలుకునకు పెట్టిన పరీక్షలు మూడు: అది సత్యమా, హితమా, సమయోచితమా? వినువారికి రుచించునా యనుట పలుకు మానుటకు కారణముగా నచట లేదు. ఇట్లు "నేను" అను భావమును సడలించినచో మాటకు బాధ్యు డెవడని కొంద రడుగుదురు. బాధ్యత సడలదు, వక్త చూపు తననుండి విషయముమీదికి మరలును, అంతియే.

మూత్రపిండ వ్యాధి పీడించు ఉద్దానపు టూరిలో మంచినీటికై జరిగిన యొక సభలో దీనిని కన్నులార చూచితిని. జీడిపిక్కలు కొట్టి కొట్టి వ్రేళ్లు నల్లబడిన యొక యిల్లాలు అధికారులయెదుట లేచి, కొంగు నులుముచు, ఊరిపేరు చెప్పుటకే తడబడెను. "మా ఇంట ఇద్దరికి కిడ్నీలు పోనాయి బాబూ" అన్నంతనే కొంగు విడిచెను, గొంతు నిలిచెను. "నీళ్లెప్పుడిస్తారో ఆ తారీకు సెప్పండి" అని యడిగి, సమాధానము వచ్చువరకు కూర్చుండలేదు.

పలాస, టెక్కలి పాఠశాలల ఉపాధ్యాయులారా, వక్తృత్వపు పోటీలకు పిల్లలను సిద్ధపరచునపుడు చేతులాడించు విధమును నేర్పుటకు ముందు, ఆ మూడు ప్రశ్నలను వారిచేత తమ వ్రాతప్రతిపై వేయింపుడు.