మీటరు – దాచిన తేడా

‘మీటరు’ అనే మాట వినపడని ఇల్లు మనలో ఉండదు. జాకెట్టు గుడ్డ మీటర్ల లెక్కన కొంటాం. గోడమీది కరెంటు మీటరు చూసి నెలకోసారి బిల్లు ఇస్తారు. ఆటో ఎక్కితే మీటరు వైపు తొంగి చూస్తూనే ఉంటాం. ఇంగ్లీషు పద్యం నడకను కూడా మీటరే అంటారు, మన గణాల వంటిదన్నమాట. వీటన్నిటికీ మూలం కొలత అనే అర్థం గల గ్రీకు మాట ‘మెట్రాన్’.

దొంగ కొలత పాపమని బడి పిల్లవానికీ తెలుసు. లేవీయకాండము 19వ అధ్యాయం దాన్ని స్పష్టంగా నిషేధించింది. అక్కడ చిక్కు లేదు. చిక్కంతా నిజాయితీపరుని పొరపాటు దగ్గరే.

గుడ్డ కొలిచే మీటరు పుట్టిన సంగతే చూడండి. ఉత్తర ధ్రువం నుండి భూమధ్యరేఖ వరకు గల దూరంలో కోటవ వంతును మీటరుగా పెట్టుకోవాలని 1791లో ఫ్రాన్సు పండితులు నిశ్చయించారు. మరుసటి ఏడు డంకర్క్, బార్సిలోనా నగరాల మధ్య నేలను కొలిచే పని మొదలైంది. ఉత్తర భాగం దెలాంబ్ర్‌ది, దక్షిణ భాగం మెషేన్‌ది. మెషేన్ ఎంత జాగ్రత్తపరుడంటే, బార్సిలోనాలో నక్షత్రాలను చూసి ఒకసారి కట్టిన లెక్కను మరోచోట నుండి మళ్లీ చూసి సరిపోల్చుకున్నాడు. రెండూ కలవలేదు. నేలమీద ఇంచుమించు 100 మీటర్ల తేడా!

ఆ తేడాను అతడు ఎవరికీ చెప్పలేదు. 1799లో ప్లాటినం మీటరు కడ్డీ సిద్ధమైంది, అందరూ మెచ్చుకున్నారు. మెషేన్ మాత్రం లోలోపల కుమిలిపోయాడు. కొలతల పని మీదే తిరిగి స్పెయిను వెళ్లి, 1804లో జ్వరంతో అక్కడే కన్నుమూశాడు.

ఇది అబద్ధమేనా? అవుననే నేనంటాను. కాని దొంగ తూకం వేసేవాని పక్కన అతణ్ణి నిలబెట్టడానికి మనసొప్పదు. ఇంటి లెక్కల్లో పైకం తేలకపోతే ‘ఇతర ఖర్చులు’ అని రాసి పుస్తకం మూసేసే నాబోటివాడు ఏ ముఖంతో తీర్పు చెప్పగలడు? అయినా ఒకటి గమనించాలి. ఆ కొలత మెషేన్ సొంత ఆస్తి కాదు, దాన్ని నమ్మి కొనేవారు, అమ్మేవారు ఎందరో. సరిచూసే హక్కు వారికుంది. తేడాను దాచి ఆ హక్కును తీసేశాడు. పైగా తనకూ అన్యాయం చేసుకున్నాడు. ఆ తేడాకు అతని అశ్రద్ధ కారణం కాదనీ, పరికరంలోని లోపాన్నీ గాలిలో వెలుగు వంగడాన్నీ చూడాలనీ తరువాతివారు వివరించారు. ఆనాడే నోరు విప్పి ఉంటే, ఆ మాట బతికుండగానే వినేవాడేమో! కడ్డీ అసలు ఉండవలసిన దానికంటే 0.2 మిల్లీమీటరు పొట్టిదన్న మాట నిజమే. దానికి ముఖ్య కారణం భూమి ఆకారాన్ని గూర్చిన అంచనా, మెషేన్ లెక్క కాదు.

మెషేన్ కాగితాలు చివరికి దెలాంబ్ర్ చేతికి వచ్చాయి. చదివి అంతా గ్రహించాడు. పోయిన స్నేహితుని పరువు కోసం వాటిని పొయ్యిలో వేయవచ్చు. అతడు వేయలేదు. పారిస్ వేధశాలలో భద్రపరిచాడు.