సేవకుని బలము ఎక్కడిది?



మా తుమ్మలపల్లె పేరు మీరు ఎప్పుడైన వినియుందురేని, అది యురేనియం గనివలననే వినియుందురు. కడప జిల్లాలో వేముల దాపున మెట్ట నేలల నడుమనున్న ఊరిది. అయితే మా ముసలివారు కూర్చున్నచోట గనికంటె వానను గూర్చిన మాటయే ఎక్కువ. ఏ కార్తెలో పడినది, ఏ కార్తె ఎండగట్టినది అనునదే వారి చరిత్ర.

ఒక ఆదివారము సాయంకాలము ఆరాధన ముగిసిన పిమ్మట, ఆసుపత్రిలో నర్సుగా పనిచేయు ఒక సహోదరి గుడి అరుగుమీద కూర్చుండి నన్ను ఇట్లడిగెను: "అయ్యగారూ, నేను దినమూ ప్రార్థన చేసుకొనే డ్యూటీకి పోతాను. అయినా సాయంత్రానికి నాలో ఏమీ మిగల్దు. రోగి పిలిస్తే విసుగొస్తాది. నా విశ్వాసంలోనే ఏదో లోపముందా?"

ఇరువది యేండ్ల క్రిందటనైతే నేను వెంటనే "ఇంకను ఎక్కువగా ప్రార్థించుమమ్మా" అని యుందును. అట్లు చెప్పి పంపినవారు చాలమంది యున్నారు. వారిని తలంచుకొన్నప్పుడు నాకిప్పుడు సిగ్గుగా నున్నది.

ఏలీయాను జ్ఞాపకము చేసికొనుడి. కర్మెలు కొండమీద ఆకాశమునుండి అగ్ని దిగుట చూచినవాడు, ఒక రాణి బెదిరింపునకు ప్రాణభీతితో అడవికి పారిపోయి, బదరీ వృక్షము క్రింద కూలబడి, ఇక చాలునని చావు కోరుకొనెను. ఆ వేళ దేవుడు అతనిని గద్దించెనా? నిద్రపోనిచ్చెను. దూతను పంపి రొట్టెయు నీళ్లును పెట్టించెను. తిని మరల పండుకొన్నవానిని రెండవమారు లేపి మరల తినిపించెను. హోరేబులో మాటలాడుట ఆ తరువాతి సంగతి. అలసిన దేహమును అవిశ్వాసమని పిలువవద్దని ఈ కథవలన నేను ఆలస్యముగా నేర్చుకొంటిని. మన సంఘములలో అనేకమంది నర్సులకును పంతుళ్లకును కావలసినది మరియొక ఉపవాస కూడిక కాదు, ఒక రాత్రి నిద్ర. ఇట్లు వ్రాసినందుకు పెద్దలు నన్ను క్షమింతురు గాక.

అయితే నిద్రతో తీరని అలసట యొకటి కలదు. దానిని గూర్చి చెప్పుటకు నేను ధాత కరువును తలంపవలసియున్నది.

1876లో వానలు తప్పెను. రెండేండ్లు సాగిన ఆ కరువు మన కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలను మిక్కిలి క్రూరముగా కొట్టెను. అనంతపురము అప్పటికి ప్రత్యేక జిల్లా కాదు, బళ్లారిలోనిదే. చెన్నపట్టణపు రాజధానిలో లక్షలకొలది జనులు చచ్చిరి. 1877లో రిచర్డు టెంపుల్ దొర కరువు పనులలోని కూలిని రోజుకొక పౌను ధాన్యమునకును కొద్ది డబ్బులకును తగ్గింపజేసెను. ఆ తిండితో మనిషి పనిచేసి బ్రదుకలేడని ఆరోగ్యశాఖాధికారియైన కార్నిష్ వాదించెను. దొరతనములో కూడ మనస్సాక్షి గలవారుండిరని చెప్పుటకే ఈ మాట.

ఆ దినములలో ఒంగోలులో అమెరికన్ బాప్తిస్టు మిషనరీయైన జాన్ క్లౌ దొరగారుండిరి. ఆయన యౌవనమందు భూముల సర్వే పని నేర్చినవాడు. ఆ విద్య ఇక్కడ అక్కరకు వచ్చెను. బకింగ్‌హాము కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును ఆయన కంట్రాక్టుగా తీసికొని, ఆకలిగొన్నవారికి పని చూపెను. వారిలో మాదిగలు విస్తారముగా నుండిరి. ఆయన ఉపదేశకులే మేస్త్రీలు. మధ్యాహ్నము పార దించి విశ్రమించిన జనుల నడుమ కూర్చుండి, ప్రయాసపడువారిని పిలిచిన ప్రభువును గూర్చి వారు చెప్పుచుండిరి.

జనులు బాప్తిస్మమిమ్మని వేడుకొనిరి. క్లౌ దొరగారు ఇయ్యలేదు. ఏడాదికి పైగా ఇయ్యలేదు!

చదువరీ, ఈ చోట కొంచెము ఆగుడి. కరువులో కాలువ త్రవ్వించుటకు ధైర్యము కావలెను, నిజమే. కాని ఫలము చేతికందుచుండగా చేయి వెనుకకు తీసికొనుటకు అంతకంటె ధైర్యము కావలెనని నా తలంపు. ఒక చేత గంజియు మరియొక చేత బాప్తిస్మమును చాపినయెడల, పుచ్చుకొనువాడు దేనికొరకు వచ్చెనో వానికే తెలియదు. ఇచ్చువానికి అసలే తెలియదు. కాలువ పని ముగిసిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీన, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను మనము తరచుగా చెప్పుకొందుము. దానికి ముందరి మౌనమును చెప్పుకొనము.

వారు ఆకలి జ్ఞాపకమువలన వచ్చిరని ఆక్షేపించువారు గలరు. నేను ఆ మాటను త్రోసివేయను. ఆకలిగొన్నవాని హృదయమును గదులుగా విభజించి చూపగలవాడెవడు? తమ్మును బావి దగ్గరకు రానియ్యని లోకములో, తమతో కూర్చుండి మాటలాడిన మనుష్యులను వారు చూచిరి. అదియు ఒక కారణమైయుండును. ఆ కారణము నీచమైనదని నేననను.

విశ్వాసము ఆయనకేమి ఇచ్చెను? భయము లేకుండుటయా? ఆయన హృదయము నాకెట్లు తెలియును? కాని లెక్క వ్రాయక కనిపెట్టుకొనియుండు శక్తిని ఇచ్చెనని మాత్రము ఆ క్రియ చెప్పుచున్నది. ఎవరు స్వస్థపడిరి, ఎవరు కృతజ్ఞత చెప్పిరి, ఎవరు గుడికి వచ్చిరి అని దినదినము లెక్క చూచుకొనువాడు త్వరలోనే దివాలా తీయును. నిద్రతో తీరని అలసట అదియే.

నేను దివాలా తీసినవాడనే గనుక చెప్పుచున్నాను. 2021 మే నెలలో, కరోనా రెండవమారు విజృంభించినప్పుడు, దాపుననున్న ఒక పల్లెనుండి నాకు ఫోను వచ్చెను. ఒక పెద్దాయన చనిపోయెను. ఆయన మా సంఘస్థుడు కాడు. కుమారులు దూరమందుండిరి, ఇరుగుపొరుగువారు భయపడిరి. నేను మోకాళ్లూనితిని. భయము పోలేదు. లేచి చూడగా నా భార్య సంగటియు ఊరిబిండియు పళ్లెములో పెట్టి, "తిని పోండి, వట్టి కడుపుతో వద్దు" అనెను. తింటిని, పోతిని. మా సంఘపు యౌవనస్థుడొకడు, ఒక ముస్లిం యువకుడు, నేను – ముగ్గురము ఆ గట్టి నేలను త్రవ్వితిమి. నా చేతులు వణకుచునే యుండెను.

కొన్ని నెలలైన పిమ్మట ఆ పెద్దాయన కుమార్తె సంతలో నాకెదురుపడి, ముఖము త్రిప్పుకొని పోయెను. సిగ్గో, దుఃఖమో, నన్ను చూడగానే ఆ దినము జ్ఞాపకము వచ్చెనో నాకు తెలియదు. కాని నేను వారము దినములు ఆ సంగతినే నమిలితిని. నేను లెక్క వ్రాసికొనియుంటినని అప్పుడే కనుగొంటిని. ఆ లెక్కను ప్రభువు పాదములయొద్ద చింపివేయుటకు, ఆ గుంట త్రవ్వినదానికంటె నాకు ఎక్కువ కాలము పట్టెను.

ఇదంతయు అరుగుమీద ఆ సహోదరికి చెప్పితిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. చీకటి పడుచుండెను. "ఈ రాత్రి ఏమీ చదువవద్దు. ఇంటికి పోయి, కడుపునిండ తిని పండుకొనుమమ్మా" అంటిని.

ఆమె నవ్వి, "ఈ రాత్రి నైట్ డ్యూటీ ఉంది అయ్యగారూ" అని సంచి భుజమున వేసికొని బస్సుకొరకు రోడ్డుమీదికి నడచెను.